ఐస్‌క్రీం మీద ముదురు పాకం

నేను కర్నూలు వచ్చింది మా ఆయనకు పథ్యం వండిపెట్టడానికి. ఆయనకు పచ్చకామెర్లు సోకాయని, హోటలు కూడు పడక మంచం పట్టాడని బద్వేలుకు కబురు వచ్చింది. మా అత్తగారు మరునాడే నాకు ఒక మనిషిని తోడిచ్చి బస్సెక్కించింది. "పోయి వానికి చప్పిడి కూడు వండిపెట్టు. మనిషి నిమ్మళం అయినంక నేనే వచ్చి నిన్ను పిలుచుకోని వస్తా" అన్నది.

పెళ్లయి అప్పటికి ఏడాది దాటింది. ఆ ఏడాదిలో నేను ఆయన్ని చూసింది పండగలకు మాత్రమే. మా అత్తగారింటి పద్ధతి అది. మగపిల్లలు వ్యాపారం ఎక్కడుంటే అక్కడికి పోతారు. కోడళ్లు బద్వేలులో పెద్దింట్లో అత్తగారి దగ్గర ఉంటారు. ఇంటినిండా శెనక్కాయల బస్తాలు, బెల్లం దిమ్మెలు, వచ్చే పోయే రైతులు, పొద్దున లేస్తే రెండు పొయ్యిల మీద వంట. ఎన్ని చేతులున్నా చాలని ఇల్లు. ఆ పద్ధతి అన్యాయమని ఎవరూ అనుకోలేదు. కర్నూలు చూసేదాకా నేనూ అనుకోలేదు.

అప్పుడు కర్నూలు రాజధాని. మద్రాసు నుంచి విడిపోయి కొత్త రాష్ట్రం వచ్చింది, ఆఫీసులన్నీ ఈ ఊరికి తరలివచ్చాయి. ఊళ్లో ఇళ్లు దొరక్క గుమాస్తాలు గుడారాల్లో కాపురాలు పెట్టారు. తుంగభద్ర ఎండి రాళ్లు బయటపడే కాలంలో గుడ్డ గుడారంలో ఉండే మనిషికి ఏమి కావాలో మా ఆయనకు తట్టింది. వాళ్లన్నను ఒప్పించి, కోట దగ్గర ఒక ఇల్లు బాడుగకు తీసుకుని, ముందు గదిలో సోడా, షర్బత్తు, ఐస్‌క్రీం అమ్మే అంగడి పెట్టాడు. వెనక రెండు గదులు, ఒక చిన్న వసారా, వసారాలో బొగ్గుల కుంపటి. అదే నా రాజ్యం.

మా ఆయనకు మాటలు వచ్చని నాకు కర్నూలులోనే తెలిసింది. బద్వేలులో, వాళ్లమ్మ ఎదుట, ఆయన నోటినుంచి "ఊ" తప్ప ఇంకో మాట నేను వినలేదు. ఆమె ఏది చెప్పినా "ఊ", ఏది అడిగినా "ఊ". ఇక్కడేమో మంచంలో పడుకుని కూడా కబుర్లే. కొత్త గుమాస్తాలు కర్నూలు ఎండకు గొడుగు వేసుకుని గుడారంలోనే కూర్చోవడం గురించి, ఐసు బండి తోలే ఆయన ఐసు కరిగిపోతున్నా దారిలో ఆపి అందరి యోగక్షేమాలు విచారించడం గురించి చెప్పి నన్ను నవ్వించేవాడు. ఉప్పూ నూనే లేని చప్పిడి అన్నంలో మజ్జిగ పోసి పెడితే, "ఏమి రుచి అబ్బా" అని కళ్లు మూసుకునేవాడు. అబద్ధమని తెలిసినా నాకు బాగుండేది. ఆ మనిషి నాకు శానా నచ్చాడు. కట్టుకున్నవాణ్ణి గురించి ఈ మాట బయటికి అనడం మా కాలంలో సిగ్గుమాలినతనం, అయినా ఉన్న మాట చెబుతున్నాను.

ఆయన కళ్లలో పసుపు తగ్గుతూ వచ్చింది. ముఖం తేటపడింది. అంగట్లో లేచి కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆయన కోలుకునే కొద్దీ నాకు గుబులు పట్టుకుంది. నేను వండిన అన్నమే నన్ను తిరిగి బద్వేలు బస్సెక్కించేటట్టు ఉంది. మళ్లీ పండగ వస్తేగానీ ఈ కబుర్లు ఉండవు. ఏదైనా చేసి ఇక్కడే ఉండిపోవాలి అని నాలో నేను తీర్మానం చేసుకున్నాను. ఏమి చేయాలో మాత్రం తెలియలేదు. ఆ ఉపాయం మద్రాసు నుంచి వచ్చిన ఒక గుమాస్తా తెచ్చిపెట్టాడు.

ఆయన సర్కారు జిల్లాల మనిషి. చాలా ఏళ్లు మద్రాసులో ఉద్యోగం చేసి, ఆఫీసుతోపాటు కర్నూలుకు వచ్చిపడ్డాడు. సాయంత్రం ఆఫీసు వదలగానే మెడ మీద తడి రుమాలు వేసుకుని మా అంగడికి వచ్చేవాడు. అంగడికీ ఇంటికీ మధ్య తలుపుకు ఒక పరదా ఉండేది. పరదా వెనక నేను చేసే పని చేసుకుంటూ ముందు జరిగేదంతా వినేదాన్ని.

ఒక రోజు ఆయన ఐస్‌క్రీం తిని, గ్లాసు పక్కన పెట్టి, "ఐస్‌క్రీం బాగుందండీ శెట్టిగారూ. కానీ వట్టిది ఇచ్చి ఊరుకుంటే ఎలాగండీ? మద్రాసులో దీని మీద వేడివేడిగా చాక్లెట్ పోసి ఇచ్చేవారు. అది లేకపోతే సగం తిని లేచినట్టుంది నాకు" అన్నాడు.

మా ఆయన అలాంటిది తినలేదు, చూడలేదు, విననూ లేదు. అయితే గిరాకీ ముందు లేదు అనే మాట అనకూడదని వాళ్ల ఇంటి పట్టుదల. "దానికేమి సార్, ఎల్లుండి రాండి. చేసి పెడతాం" అన్నాడు.

కొత్తగా వచ్చిన అధికారుల కోసం బిస్కెట్లు, డబ్బా పాలు తెప్పించే అంగడి ఒకటి వెలిసింది. అక్కడినుంచి ఒక కోకో డబ్బా తెచ్చాడు. నేను దాని వాసన చూశాను. కాఫీ కాదు, కానీ కాఫీకి చుట్టమే. నాలుక మీద వేసుకుంటే చేదు. మా ఆయన నన్ను పక్కకు జరగమని, ఐస్‌క్రీం బకెట్టు తిప్పే పనివాణ్ణి తోడు పెట్టుకుని, పాలలో కోకో, చక్కెర, చిక్కదనానికి కాస్త మైదా కలిపి కాచాడు. చూడటానికి రాగి జావలాగా ఉంది. గుమాస్తా వచ్చాడు. ఐస్‌క్రీం మీద ఆ జావ కాలుతూ ఉండగానే పోశారు. చూస్తూ ఉండగానే ఐస్‌క్రీం కుంగి, కరిగి, గ్లాసులో కాలువకు కొత్త నీళ్లు వచ్చినట్టు అయింది. గుమాస్తా మర్యాదస్తుడు. దాన్ని తాగేసి, "ఇది కాదండీ" అని మెల్లగా అన్నాడు.

రెండోసారి మా ఆయన ఇంకో తెలివి చూపించాడు. చక్కెరకు పస లేదు, బెల్లానికి ఉంది అని తేల్చి, మరుగుతున్న పాలలో ఇంత బెల్లం గడ్డ వేశాడు. నేను వసారా గడపలోనుంచి "ఆగండి ఆగండి" అని అరిచేలోపే గిన్నెలో పాలు ముక్కలు ముక్కలయ్యాయి. పాలు పొయ్యి మీద ఉండగా బెల్లం వేస్తే విరుగుతాయని, పరమాన్నం దించిన తర్వాతే బెల్లం కలపాలని మా వైపు లంగాలు కట్టే పిల్లలకు కూడా తెలుసు. తరతరాలుగా బెల్లం అమ్మిన ఇంటి మగవాడికి తెలియదు. వాళ్లకు బెల్లం అంటే తూకమే, పొయ్యి మీద దాని నడవడి ఎప్పుడు చూశారు కనుక? ఆ విరిగిన కోకో పాలు చూసి నాకు నవ్వు ఆగలేదు. ఆయనకు రోషం వచ్చింది.

"నవ్వేది కాదు. నీకు వస్తే నువ్వు చెయ్" అన్నాడు.

"చేస్తా. ముందర ఆయన్ని ఒగ మాట అడిగి రాండి. రుచి ఎట్లుంటాదో అడగొద్దు. వేడిది ఐసు మీద పడినప్పుడు ఏమైతాదో అడగండి" అన్నాను.

అడిగాడు. గుమాస్తా కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకుని మరీ చెప్పాడు. "పోసేటప్పుడు జారుతూనే ఉంటుందండీ. ఐస్‌క్రీంకి తగలగానే మాత్రం నిలబడిపోతుంది. చెంచాతో తీస్తే సాగుతుంది. పంటికి అంటుకుంటుంది. అలా అని గట్టిపడదు. అదండీ దాని మహిమ."

పరదా వెనక నాకు నవ్వొచ్చింది. ఇంత సంబరానికా ఇన్ని డబ్బాలు తెచ్చి ఇన్ని పాలు తగలేసింది? ఆయన చెబుతున్నది పాకం గురించి. లేత పాకం నీళ్లలో వేస్తే కరిగిపోతుంది. ముదిరితే రాయి అవుతుంది. ఆ రెంటికీ మధ్య ఒక ఘడియ ఉంది. అప్పుడు చల్లనీళ్ల పళ్లెంలో చుక్క వేస్తే అడుగున నిలబడుతుంది, వేలితో కూడదీస్తే ఉండ అవుతుంది, నొక్కితే మళ్లీ ఒదుగుతుంది. అరిసెలకు, బొరుగుల ఉండలకు మేము ఆ ఘడియ కోసమే పొయ్యి ముందు కాచుకుని కూర్చుంటాం. ఐస్‌క్రీం మాత్రం ఏమిటి? చల్లనీళ్ల పళ్లెమే కదా. నాకు పాకం ఎవరో నేర్పవలసిన అవసరం లేదు. కడప దగ్గర మా పుట్టింట్లో పదేళ్లప్పటినుంచి పాకం దించే పని నాదే. మా అమ్మ పిండి దంచుకుంటూ ఉంటే నేను పళ్లెం పట్టుకుని కూర్చునేదాన్ని. నా చేతి మీద నాకు సందేహం లేదు, ఇప్పటికీ లేదు.

మరునాడు చక్కెర పాకం పట్టాను. కోకో పొడిని ఉన్నపళాన పాకంలో వేస్తే ఉండలు కడుతుందని, ముందుగా వెన్నలో మెదిపి, ఆ ముద్దను పాకంలో కలిపాను. పళ్లెంలో చుక్క నిలబడి, వేలికి ఒదగగానే దించేశాను. ఐస్‌క్రీం మీద పోస్తే గుమాస్తా చెప్పినట్టే నిలబడింది. మా ఆయన ముఖం వెలిగిపోయింది. గుమాస్తా మాత్రం రెండు చెంచాలు తిని, "అదే అండీ, అదే. కానీ పంటికింద కరకరలాడుతోంది" అన్నాడు. పొద్దున కాచినది సాయంత్రానికి చల్లారి పలుకులు కట్టింది. మళ్లీ వేడి చేసినా ఆ పలుకులు కరగలేదు. వెన్న పాకంలో కలిసి బాగానే ఉన్నా, ఇసుక తగిలినట్టుంటే ఎవరు తింటారు?

ఆ సాయంత్రం మా ఆయన పథ్యం అన్నం కలుపుకుంటూ ఉన్నట్టుండి ఆగాడు. "బొరుగుల ఉండల్లో యాడన్నా పలుకు తగుల్తాదా?" అని అడిగాడు.

తగలదు. బెల్లప్పాకం పలుకు కట్టదు. పాలు విరగ్గొట్టిన మనిషి మాట నిజమే అయింది. బెల్లం వేయాలన్న ఆయన ఆలోచన మంచిదే, వేసిన వేళ తప్పు. నేను ఆ మాట ఆయనతో అన్నాను. ఇప్పుడు మళ్లీ రోషం వస్తుందేమో అని చూస్తే, పొంగిపోయాడు. "నేను అప్పుడే చెప్తిని గదా" అని ఆ వారమంతా అందరితో అంటూ తిరిగాడు.

మేము ఇద్దరం కలిసి చేసింది ఇదీ. చక్కెర సగం, బెల్లం సగం కొద్ది నీళ్లలో కరగనిచ్చి, మలినం పోయేలా గుడ్డలో వడగట్టి, మళ్లీ కుంపటి మీద పెట్టాలి. బుడగలు చిన్నవిగా ఉన్నంతసేపు దాని జోలికి పోకూడదు. బుడగలు పెద్దవై, బరువెక్కి, తీరిగ్గా పగలడం మొదలుపెట్టాక వెన్నలో మెదిపిన కోకో కలపాలి. అప్పటినుంచి గరిటె ఆపకూడదు, పళ్లెంలో చుక్కలు వేసి చూస్తూ ఉండాలి. చుక్క నిలబడి, వేలికి ఒదిగితే దించేయాలి. పూర్తిగా దించి, బుడగలు అణిగాక గట్టి మీగడ చిలికి కలపాలి. మీగడ పొయ్యి మీద కలిపితే మా ఆయన పాలకు పట్టిన గతే. చివర్లో చిటికెడు ఉప్పు. ఉప్పు ఎందుకంటే నేను చెప్పలేను, అది లేకపోతే కోకో చేదు కోకోగానే ఉండిపోతుంది. పాకం గిన్నెను వేడినీళ్ల గిన్నెలో కూర్చోబెడితే రాత్రి అంగడి మూసేదాకా జారుతూనే ఉంటుంది.

ఇప్పుడు సీసాల్లో వస్తున్నది నా మనవరాళ్లు తెచ్చి రుచి చూడమన్నారు. చూశాను. నల్లగా ఉంది, తియ్యగా ఉంది, ఐస్‌క్రీం మీద పడగానే పారిపోతుంది. ఒక చోట నిలబడని దాన్ని నేను పాకం అనను.

ఇంకా ఒక చిక్కు మిగిలింది. కర్నూలు ఎండకు గ్లాసే కాలుతూ ఉంటే ఐస్‌క్రీం ఎంతసేపు ఓర్చుకుంటుంది? పనివాణ్ణి పిలిపించి, బకెట్టులో ఐసుకు ఉప్పు ఎక్కువ వేసి ఇంకాస్త గట్టిగా తిప్పమన్నాను. గ్లాసులను కూడా ఐసులో పాతిపెట్టించాను. ఆ సాయంత్రం గుమాస్తా వచ్చాడు. తెల్లటి ఐస్‌క్రీం మీద నల్లటి పాకం మెరుస్తూ జారి, సగం దూరం పోయి ఆగింది.  చెంచా గ్లాసుకు తగిలే చప్పుడు మాత్రం వినబడింది. తర్వాత, "ఇది అది కాదండీ శెట్టిగారూ" అన్నాడు. ఆ వెంటనే గ్లాసు ముందుకు జరిపి, "ఇంకొకటి ఇవ్వండి" అన్నాడు.

రెండోది తినేటప్పుడు చెప్పాడు. మద్రాసులో దానికి ఈ బెల్లం వాసన లేదట, లేకపోవడం వాళ్ల దురదృష్టమట.

ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. గుడారాల వాళ్లు పెళ్లాంబిడ్డలతో వచ్చేవారు. పక్కవీధి బురఖా ఆడవాళ్లు ముందు వైపు రాకుండా సందు తలుపు తట్టి, "అమ్మా, గరం పాకంది ఇయ్యి" అని అడిగేవారు. ఊళ్లో దాని పేరు అదే అయింది, గరం పాకం. కాగుతున్నదాన్ని ఐసు మీద పోసుకుని తింటే పళ్లు రాలిపోతాయని, గొంతు పట్టుకుంటుందని భయపెట్టిన పెద్దవాళ్లు కూడా ఒక చెంచా చూసి రెండో చెంచాకు చెయ్యి చాచారు. రోజూ మధ్యాహ్నం నేను కుంపటి ముందు కూర్చుంటే మా ఆయన ఎదురుగా కూర్చుని విసనకర్రతో బొగ్గులకు విసిరేవాడు. ఆయన విసురుతూ కబుర్లు చెప్పేవాడు, నేను చుక్కలు వేసి చూసేదాన్ని. ఈ పాకం నా చేతిలో ఉన్నంతకాలం నన్ను ఇక్కడినుంచి ఎవరూ కదిలించలేరని నేను గట్టిగా నమ్మాను. అంగడి నడవాలంటే పాకం కావాలి, పాకం కావాలంటే నేను కావాలి. ఇంత పచ్చి నిజాన్ని మా అత్తగారు మాత్రం ఎలా కాదంటుంది?

తొలకరికి ముందు, విత్తనానికి శెనక్కాయలు ఒలిచే రోజుల్లో ఆమె వచ్చింది. మహానందిలో కోనేటి స్నానం చేసి, స్వామి దర్శనం చేసుకుని, నంద్యాల మీదుగా పొద్దున్నే బస్సు దిగింది. కొడుకును తలనుంచి కాళ్లదాకా చూసింది. కంటి రెప్ప కిందికి లాగి చూసింది.

"నున్నగా ఉండాడు గదమ్మే. బాగా చూసుకున్నావు" అన్నది నాతో. "ఇంగ నీకు ఈడ పనేముండాది? ఇంటికాడ కాయలు ఒలిచేదానికి మనిషి చాల్లేదు. మధ్యాన్నం బస్సుకు పోదాం. జట్కా ఆయనకు చెప్పొచ్చినా, వస్తాడు."

నేను తయారుగానే ఉన్నాను. "పోదాం అత్తా. పోయే ముందర మన అంగడి పాకం ఒగసారి చూడండి" అన్నాను. కావాలనే అన్నాను. మా మామగారు బతికి ఉన్న రోజుల్లో, బద్వేలులో ఏ శెట్టిగారింట పెళ్లి జరిగినా అరిసెల పాకం దించడానికి మా అత్తగారికే పిలుపు వచ్చేది. ఆమెకు వేరే ఏది చెప్పినా ఎక్కదు, పాకం చెబితే వింటుంది.

ఆమె పీట వేసుకుని కుంపటికి ఎదురుగా కూర్చుంది. కోకో డబ్బా చూసి ముఖం చిట్లించింది. "ఏం పొడి అది? తినేదేనా?" అన్నది. కాఫీ మాదిరి గింజల పొడేనని చెప్పాను. ఇక నా గరిటె మీదే కళ్లు పెట్టింది. నేను దించబోయే సమయానికి ఆమే చెయ్యి చాచి గరిటె తీసుకుంది, చల్లనీళ్ల పళ్లెంలో చుక్క వేసింది. వేలితో కూడదీసి, ఉండ చేసి, నొక్కి, నాలుక మీద పెట్టుకుంది.

"చేదు ఉండాది" అన్నది. వేలికి మిగిలింది కూడా నాకి చూసి, "పాకం మాత్రం శానా బాగా కుదిరింది" అన్నది.

ఆమె నోట ఆ మాట విన్న కోడళ్లు మా ఇంట్లో లేరు. నాకు ఇంకేమి కావాలి? వెంటనే అందుకున్నాను. "దీనికోసరమే జనం వస్తాండారత్తా. నేను పోతే ఈడ చేసేవాళ్లు ఎవరూ లేరు" అన్నాను.

ఆమె తల తిప్పి, గడప దగ్గర నిలబడిన కొడుకును చూసింది. "ఏమిరా, నీకు రాదా?"

"ఊ" అన్నాడు.

"ఊ అంటే వచ్చుననా, రాదనా?"

"ఊ" అన్నాడు మళ్లీ.

"కూకోని చెయ్. చూస్తా" అన్నది.

ఆయన కుంపటి ముందు కూర్చున్నాడు. నేను విసనకర్ర తీసుకుని ఎదురుగా కూర్చున్నాను. లోపల నాకు ధైర్యంగానే ఉంది. పాలలో బెల్లం వేసిన మనిషి ఈయన, ఎక్కడో ఒకచోట తప్పక చెడగొడతాడు అనుకున్నాను. చెడగొట్టలేదు. బెల్లం వడగట్టాడు. బుడగలు బరువెక్కేదాకా గరిటె ముట్టుకోలేదు. కోకోను వెన్నలో నున్నగా మెదిపాడు. ఇన్నాళ్లూ విసురుతూ కబుర్లు చెబుతున్నాడని నేను అనుకుంటే, ఆయన కళ్లు నా చేతుల మీదే ఉన్నాయన్నమాట. విసనకర్ర నా చేతిలో ఉంది. ఆ సమయంలో నాలుగు విసుర్లు గట్టిగా విసిరితే చాలు, పాకం అడుగంటి మాడిపోతుంది, నేను కర్నూలులో ఉండిపోతాను. చెయ్యి ఆడలేదు. కుదురుతున్న పాకాన్ని చేతులారా పాడుచేసే బుద్ధి నాకు పుట్టుకతోనే లేదు. ఆయన సరైన ఘడియకు దించాడు, బుడగలు అణిగేదాకా ఆగి మీగడ కలిపాడు.

మా అత్తగారు వేలితో చూసింది. "నీ పెండ్లాం చేసిందానికి ఏమీ తీసిపోదు" అని, నా వైపు తిరిగి, "ఇంగేమి? వానికొచ్చె. గుడ్డలు సర్దుకో" అన్నది. ఆ మాటలో కోపం లేదు, వెటకారం లేదు. లెక్క తేలింది, అంతే.

లోపలికి పోయి చీరలు మడతపెడుతుంటే నాకు ఆయన మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నేర్చుకుంటే నేర్చుకున్నాడు, వాళ్లమ్మ ముందు అంత బాగా చేసి చూపించాలా? ఒక్క పలుకన్నా కట్టనివ్వకూడదా? కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని చీరకొంగుతో తుడుచుకుని, ఏడ్చిన ముఖంతో బయటికి రాకూడదని చన్నీళ్లు చల్లుకున్నాను.

జట్కా వచ్చి వాకిట్లో నిలబడింది. మా అత్తగారు చెప్పులు వేసుకుంది. నేను మూట చంకన పెట్టుకుని ఆమె వెనకే అంగట్లోకి వచ్చాను. పనివాడు బకెట్టు తిప్పుతున్నాడు. మా ఆయన సోడా సీసాల పక్కన నిలబడి ఉన్నాడు. నేను ఆయన ముఖం చూడలేదు, చూడదలుచుకోలేదు.

"మా" అన్నాడు.

"ఏమిరా?"

"చేసేది వచ్చె గదా అని నేను ఒగన్నే ఉండల్లనా?"

పనివాడు బకెట్టు తిప్పడం ఆపేశాడు. నా చెవులను నేను నమ్మలేకపోయాను. వాళ్లమ్మ ముందు అన్ని మాటలు ఒక్కసారిగా ఆయన నోట రావడం అదే మొదలు. అక్కడితో ఆగుతాడనుకున్నాను, ఆగలేదు. ముఖం ఎర్రబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, అయినా చెప్పేశాడు.

"పాకానికని కాదు మా. ఆమె నాకు కావల్ల. ఈడనే ఉండనీ."

 ఇన్నాళ్లూ నేను ఎంత పాకం పట్టినా, ఎంత తెలివి చూపించినా, నాకు కావలసింది ఈ ఒక్క మాటేనని అప్పుడు అర్థమైంది. సంతోషం పట్టలేక తలుపు చెక్క పట్టుకున్నాను. ఆమె కేకలు వేస్తుందని, పెండ్లాం కొంగు పట్టుకున్నావని నలుగురిలో కడిగేస్తుందని ఎదురుచూశాను.

ఆమె కేకలు వేయలేదు. కొడుకు ముఖం వైపే చాలాసేపు చూసింది. అలా చూడటం నేను అంతకు ముందు ఎరుగను.

"మీ నాయన ఆదోనిలో పత్తి యాపారం చేసినన్నాళ్లూ నేను బద్వేల్లోనే ఉంటి" అన్నది. "ఆయప్ప నోట ఈ మాట ఒగనాడన్నా వస్తాదేమో అని చూస్తి."

 నా చంకలో మూట వైపు చూసి, దాన్ని లోపల పెట్టమన్నట్టు తల ఊపింది. వాకిలి దాటి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా జట్కా ఎక్కింది.

జట్కా ఆయన కళ్లెం చేతికి తీసుకుని వెనక్కి తిరిగి చూశాడు. "ఇద్దరని చెప్తిరి గదమ్మా. ఇంగొగరు యాడ?"

"నేనొగదాన్నే" అన్నది మా అత్తగారు. "నాకది అలవాటేలేప్పా. తోలు."